ఆకాశంలో సెల్‌ఫోను మర్యాద

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉగాదినాడు పంచాంగ శ్రవణం మన ఆచారం. అందుకు సిద్ధాంతిగారు వేదికమీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. విమానంలో సెల్‌ఫోను ఎప్పుడు వాడవచ్చు, ఎప్పుడు వాడరాదు, వాడినా ఏ మర్యాదతో వాడాలి అన్నది నేను చెప్పాలట. పండుగపూట ఇదేమి విషయమని ఒకరిద్దరు నవ్వినారు. ఐతే ఒక్క మాట. ఈ హాలులో కొడుకో కూతురో దూరదేశంలో ఉన్నవారు చేతులెత్తండి అంటే, ఎత్తని చేతులు లెక్కపెట్టడమే సులభం. మనకు విమానం వేడుక కాదు. కూతురి పురిటికి, మేనల్లుడి పెండ్లికి, మనుమడిని ఎత్తుకోవడానికి, ఒక్కొక్కప్పుడు కడసారి చూపుకు పోయే దారి అది. ఆ దూరాన్ని రోజూ కుట్టిపెట్టే దారం సెల్‌ఫోను. విమానం ఎక్కినప్పుడు ఆ దారం కొన్ని గంటలు తెగుతుంది. ఆ కొన్ని గంటలను గురించియే నా ప్రసంగం.

మన ప్రాంతానికి విమానంతోను, సెల్‌ఫోనుతోను కూడ చుట్టరికం ఉన్నది. హోసూరు పక్కన బెలగొండపల్లిలో తనేజా ఏరోస్పేస్ వారి కర్మాగారము, దానికి సొంత రన్‌వే ఉన్నవి. ఇటలీ దేశపు పార్టెనావియా సంస్థ నమూనా ప్రకారం పి-68 అనే ఆరు సీట్ల చిన్న విమానాలను అక్కడ తయారుచేసినారు. ఇక మన కృష్ణగిరి జిల్లాలోని టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ఐఫోన్ల పై తొడుగులు తయారవుతున్నవి. ఇరుగుపొరుగు ఆడపిల్లలు ఎందరో కంపెనీ బస్సెక్కి అక్కడికి పోయి వస్తున్నారు. ఇట్లా ఈ నేల విమానాన్నీ చేసినది, ఫోనుకు చొక్కానూ కుట్టుచున్నది.

కాని హోసూరులోనే టిక్కెట్టు కొని విమానం ఎక్కే భాగ్యం మనకింకా కలుగలేదు. 2008లో తెరచిన బెంగుళూరు విమానాశ్రయపు ఒప్పందంలో, దానికి 150 కిలోమీటర్ల లోపల ఇంకొక కొత్త విమానాశ్రయం 25 ఏండ్లపాటు రాకూడదన్న షరతు ఉన్నది. 2024 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్‌గారు, హోసూరులో 2000 ఎకరాలలో, ఏడాదికి 3 కోట్లమందికి సరిపోయే అంతర్జాతీయ విమానాశ్రయం నిర్మిస్తామని శాసనసభలో ప్రకటించినారు. అది వచ్చేదాకా మనం అత్తిబెలె దాటి, సిల్కుబోర్డు దాటి, బెంగుళూరు నగరమంతా దాటి దేవనహళ్ళి చేరవలసినదే. ఆ దారి పొడుగునా మన ఫోను ఊరుకొంటుందా? "అత్తిబెలె దాటినారా?" అని ఒకరు. "పాసుపోర్టు పెట్టుకొన్నారా, అత్తయ్యా?" అని ఒకరు. "ఆవకాయ జాడీ చేతిసంచిలో పెట్టలేదు గదా?" అని ఇంకొకరు. ఇన్ని మాటలు మాట్లాడి మాట్లాడి, విమానంలో కూర్చోగానే "ఇక ఆపండి" అంటే చేయి రాదు. ఆ ఆపడం ఎందుకో తెలిస్తే చేయి సులభంగా వస్తుంది.

ఈ నియమం సెల్‌ఫోనుకంటె పాతది. 1961లోనే అమెరికా విమానయాన శాఖవారు, ప్రయాణీకులు విమానంలో చేతి ఎఫ్.ఎం. రేడియోలు వాడరాదని కట్టడి చేసినారు. రేడియో వినే పెట్టె గదా, దానివల్ల హాని ఏమున్నదని అనిపిస్తుంది. కాని వినే పెట్టె కూడ తన లోపల కొద్దిపాటి తరంగాలను పుట్టిస్తుంది. పైలటుకు దారి చూపే రేడియో సంకేతాలు ఉండే చోటనే ఆ తరంగాలు కూడ పడుచుండెను. అదీ భయం. సెల్‌ఫోనో, వినడమే కాదు, తాను స్వయంగా మాట్లాడే రేడియో. టవరు దగ్గరగా ఉంటే మెల్లగా మాట్లాడుతుంది. దూరమైనకొద్దీ గొంతు పెంచుతుంది. పాత ఫోన్లను రేడియో పక్కన పెట్టినప్పుడు, కాల్ రాబోయే ముందు 'టక టక టక' మని ఒక చప్పుడు వినిపించేది, మీకు జ్ఞాపకం ఉండవచ్చు. అటువంటి చప్పుడే పైలటు చెవికి తగిలించుకొన్న హెడ్‌ఫోనులో, కంట్రోలు టవరువారు ఏ ఎత్తుకు దిగాలో చెప్పుచున్న వేళ పడిందనుకోండి. ఒక అంకె వినిపించకపోయినా మళ్ళీ అడుగవలసిందే.

ఒక్క ఫోను ఆపకపోతే విమానం కూలిపోతుందని మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఈనాటి విమానాలను ఇట్టి తరంగాలను తట్టుకొనేటట్లు నిర్మించి, పరీక్షించి పంపుతున్నారు. కాని ఒక మామూలు ఎయిర్‌బస్ 320లో 180 మంది కూర్చుంటారు. ఎవరి ఫోను ఏ కంపెనీదో, ఎంత పాతదో, ఏ సందులో బాగుచేయించినదో పైలటుకు తెలియదు. వర్షంలో, మబ్బులో, పరికరాలనే నమ్ముకొని ఆయన దిగుతున్నప్పుడు, 180 అనుమానాలను కొనితెచ్చుకోవడం ఎందుకు? నియమం సారాంశం ఇంతే.

రెండవ కారణం నేలమీదిది. విమానం పది కిలోమీటర్ల ఎత్తున గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది. నేలమీద ఉన్న ఫోనుకు రెండు మూడు టవర్లు కనిపిస్తే, పైనున్న ఫోనుకు ఒక్కసారిగా ఎన్నో టవర్లు కనిపిస్తవి. అన్నిటినీ పిలిచి, దేనితోను నిలువదు. ఆ గందరగోళం నేలమీద మాట్లాడుకొనేవారికి ఇబ్బంది అని 1991లో అమెరికా టెలిఫోను అధికారులు గాలిలో సెల్‌ఫోను వాడకాన్ని నిషేధించినారు. అట్లా ఒక నియమం విమానాన్ని కాపాడడానికి, ఇంకొకటి టవర్లను కాపాడడానికి పుట్టినవి.

ఈ సంగతి పాతబడిపోయినదని అనుకోవద్దు. 2022 జనవరిలో అమెరికాలో కొత్త 5జి టవర్లు మొదలుపెట్టే వేళ పెద్ద తగవే జరిగినది. విమానం నేలకు ఎంత ఎత్తున ఉన్నదో చెప్పే రేడియో ఆల్టీమీటరు అనే పరికరానికి ఆ తరంగాలు అడ్డువస్తాయేమో అని సందేహం. జనవరి 19న ఎయిర్ ఇండియావారు అమెరికా పోయే కొన్ని విమానాలను నిలిపివేసినారు. అదే ఏడాది నవంబరులో మన కేంద్ర టెలికాం శాఖవారు, బెంగుళూరుతో సహా ఐదు విమానాశ్రయాలలో రన్‌వే కొనలనుండి 2.1 కిలోమీటర్ల లోపల, మధ్యగీతకు 910 మీటర్ల లోపల ఒక తరగతి 5జి టవర్లు పెట్టవద్దని ఆదేశించినారు. టవర్లకే ఇంత కట్టడి ఉన్నప్పుడు, మన చేతిలోని ఫోనుకు కొంత కట్టడి ఉండడంలో వింత లేదు.

ఇప్పుడు మన దేశపు నియమం చెబుతాను. 1937 నాటి విమాన నియమావళిలో 29-బి అనే నియమం విమానంలో ఎలక్ట్రానిక్ పరికరాల వాడకాన్ని అదుపులో పెట్టుచున్నది. మొదట చాలాకాలం, ఫోనును పూర్తిగా ఆపివేయవలసి ఉండెను. 2014 ఏప్రిల్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్‌వారు, ఫ్లైటు మోడ్‌లో పెట్టిన ఫోనును ప్రయాణమంతా వాడుకోవచ్చునని సడలించినారు. ఫ్లైటు మోడ్ అంటే, ఫోను తెరమీద చిన్న విమానం బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కాలి. అప్పుడు ఫోను టవరును పిలవడం మానుతుంది. అందులో దాచుకొన్న పాటలు వినవచ్చు, మనుమల ఫోటోలు చూచుకోవచ్చు, పుస్తకం చదువుకోవచ్చు. ఫోనుకు నోరు మూసినట్లేగాని, కన్ను మూసినట్లు కాదు.

దిగిన తరువాత సంగతి. చక్రాలు నేలకు తాకిన చప్పుడు వినిపించడంతోనే మనవారు ఫోన్లు తెరచి "దిగిపోయినామమ్మా" అని మొదలుపెడతారు. ఇల్లు అలకగానే పండుగ కాదు. విమానం రన్‌వేమీద ఇంకా పరుగెత్తుచున్నది. అది రన్‌వే విడిచి పక్కదారికి మళ్ళి, సిబ్బంది ప్రకటన చేసిన పిదప మాట్లాడాలి. ఆ రెండు నిమిషాలు ఆగితే పోయేది ఏమీ లేదు.

ఆకాశంలో ఇంటర్నెట్టు గురించి పిల్లలు అడుగుతారు. అది కూడ వచ్చినది. 2018 డిసెంబరులో ప్రభుత్వంవారు విమానాలలో, ఓడలలో ఫోను, ఇంటర్నెట్టు సౌకర్యానికి నియమాలు చేసినారు. విమానం మన గగనతలంలో కనీసం 3000 మీటర్ల ఎత్తుకు చేరిన తరువాతనే మొబైలు సేవ ఇవ్వాలని అందులో ఉన్నది. 2020లో, ఫోను ఫ్లైటు మోడ్‌లో ఉండగా వై-ఫై వాడుకోవడానికి విమాన కెప్టెను అనుమతించవచ్చునని 29-బి నియమాన్ని సవరించినారు. 2025 జనవరి 1 నుండి ఎయిర్ ఇండియావారు దేశంలోపల తిరిగే కొన్ని విమానాలలో వై-ఫై ఇవ్వసాగినారు. మన ఇస్రోవారి జిశాట్-ఎన్2 అనే ఉపగ్రహం 2024 నవంబరులో అమెరికానుండి ఆకాశానికి పోయినది. విమానాలలో ఇంటర్నెట్టు అందించడం దాని పనులలో ఒకటి. సీటులో కూర్చుని మనం పంపిన "క్షేమమే" అన్న ముక్క సుమారు 36,000 కిలోమీటర్లు పైకి పోయి, మళ్ళీ అంత దూరం కిందికి దిగి, డెంకణికోటలోని మన ఇంటికి చేరుతుంది. ట్రంకు కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బల్లమీద కూర్చున్న పెద్దలు ఇక్కడ ఉన్నారు. వారికి ఇది మాయాబజారువలె తోచవచ్చు.

మఱి ఇంటర్నెట్టు వచ్చినప్పుడు నోటితో మాట్లాడడం ఎందుకు రాలేదు? యంత్రానికి అది చేతకాక కాదు. 2008 మార్చి 20న దుబాయి నుండి కాసాబ్లాంకాకు పోయే ఎమిరేట్స్ విమానంలో ప్రయాణీకులు తమ సొంత సెల్‌ఫోన్లతోనే మాట్లాడినారు. విమానంలోనే ఒక బుల్లి టవరు పెట్టినారు. టవరు పక్కనే ఉన్నందువల్ల ఫోను గొంతు పెంచవలసిన పని లేకపోయినది. అమెరికాలో 2013లో టెలిఫోను అధికారులు తమ నిషేధాన్ని ఎత్తివేద్దామని ప్రతిపాదన చేసినారు. జనం ఒప్పుకోలేదు. విమాన సిబ్బంది, పైలట్లు, ప్రయాణీకులు వద్దన్నారు. 2020 నవంబరులో ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకొన్నారు. ఇంజనీర్లు సరే అన్న పనిని పక్క సీటువారు కాదన్నారన్నమాట. అందుచేత ఇక్కడనుండి నా ప్రసంగం యంత్రాన్ని విడిచి మనిషి దగ్గరకు వస్తుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. విమానం రెక్కలు కట్టుకొన్న ఊరు. ఐతే ఈ ఊరిలో పొరుగింటికి, మన ఇంటికి మధ్య ఉన్నది ఒక మోచేతి పట్టె మాత్రమే. నచ్చకపోతే లేచి పోవడానికి వీథి లేదు. అందుచేత నేలమీద చెల్లే గొంతు అక్కడ చెల్లదు.

తలుపులు వేసేదాకా ఫోనులో మాట్లాడవచ్చు. ఐతే ఏమి మాట్లాడుతున్నాం? తెలుగులో మాట్లాడితే ఎవరికి తెలుస్తుందిలే అన్న ధైర్యం మనకు ఎక్కువ. బెంగుళూరులో ఎక్కిన విమానంలో ఆ ధైర్యం పనికిరాదు. హోసూరు మనిషికి తెలుగు, తమిళం, కన్నడం మూడూ వస్తవని మనకే తెలుసు గదా. ఒకసారి నా ముందు వరుసలో ఒక ఆమె, బ్యాంకు లాకరు తాళం ఏ బియ్యపు డబ్బాలో పెట్టినదీ చెల్లెలికి బిగ్గరగా చెప్పినది. మా వరుసలో ముగ్గురం విన్నాము. ముగ్గురమూ తెలుగువాళ్ళమే. మేము మంచివాళ్ళం కాబట్టి సరిపోయినది! ఒ.టి.పి. అంకెలు, ఖాతా నెంబర్లు, ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి, పెండ్లిసంబంధంలో వద్దన్న కారణాలు, ఇవేవీ విమానంలో చెప్పుకొనే మాటలు కావు.

రెండవది, ఫోనులో సినిమా. చెవిలో పెట్టుకొనే తీగలు లేకుండా బిగ్గరగా పాటలు, వార్తలు పెట్టడం పక్కవారి నిద్రను దొంగిలించడమే. పసిపిల్ల ఏడుపు ఆపడానికి బొమ్మల కథ పెట్టక తప్పకపోతే చప్పుడు తీసివేసి పెట్టండి. పిల్లలకు బొమ్మ చాలు. రాత్రి దీపాలు ఆర్పిన తరువాత తెర వెలుగు తగ్గించండి. బయలుదేరేటప్పుడు సిబ్బంది ప్రమాద సూచనలు చెప్పే ఐదు నిమిషాలు చెవులలోని తీగలు తీసి వినండి. వందసార్లు విన్నవారికైనా, ఆ విమానంలో వెనుక తలుపు ఎక్కడ ఉన్నదో కొత్తయే.

మూడవది, ఫోటోలు. కిటికీలోనుండి మబ్బులను తీసుకొంటే ఎవరూ కాదనరు. పక్కవారి ముఖాలను, నిద్రపోయేవారిని, పనిలో ఉన్న సిబ్బందిని వారికి చెప్పకుండా తీయరాదు. రక్షణశాఖవారి విమానక్షేత్రాలలో అసలే తీయరాదు. మన విశాఖపట్నం పోయివచ్చినవారికి తెలుసు. ఎన్నో ఏండ్లపాటు పౌర విమానాలు దిగినది నౌకాదళంవారి ఐ.ఎన్.ఎస్. డేగా రన్‌వేమీదనే. సముద్రం అందంగా ఉన్నదని అక్కడ కెమెరా ఎత్తితే చిక్కు వస్తుంది.

నాలుగవది, వేళాకోళం. 2022 ఆగస్టు 14న మంగుళూరునుండి ముంబయి పోయే విమానంలో ఒక యువకుడు, అదే విమానాశ్రయంలో బెంగుళూరు విమానం కోసం వేచియున్న స్నేహితురాలితో భద్రత మాట ఎత్తి ఫోనులో పరిహాసంగా కబుర్లు వ్రాసుకొంటున్నాడు. పక్క ప్రయాణీకులు తెరమీద ఆ మాటలు చూచి భయపడి సిబ్బందికి చెప్పినారు. అందరినీ దింపి, సామాను అంతా వెదికినారు. సుమారు 6 గంటలు ఆలస్యమైనది. బాంబు, హైజాకు అన్న మాటలు విమానంలో హాస్యానికైనా వ్రాయరాదని మన యువకులకు నా హెచ్చరిక. సిబ్బంది మాట వినక అల్లరి చేసినవారిని ఎంతకాలం విమానం ఎక్కనీయకూడదో 2017లోనే నిర్ణయించినారు. నోటి దురుసుకు 3 నెలల వరకు, చేయిచేసుకొంటే 6 నెలల వరకు, ప్రాణాపాయం కలిగించే పనికి 2 ఏండ్లు, లేదా అంతకు మించి.

ఇప్పుడు మర్యాదతోపాటు ప్రాణానికి కూడ సంబంధించిన మూడు సంగతులు.

మొదటిది బ్యాటరీ. ఫోనులోను, పవర్ బ్యాంకులోను ఉన్న లిథియం బ్యాటరీ నలిగినా, చెడినా మంట పుట్టవచ్చు. అందుకే పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో వేసి లోపలికి పంపరాదు. చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ గంటలవరకు మామూలుగా ఒప్పుకొంటారు. దానిపైన 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. అంగడిలో అమ్మే 20,000 మిల్లి ఆంపియర్ గంటల పవర్ బ్యాంకు లెక్కకు సుమారు 74 వాట్ గంటలు వస్తుంది. కాబట్టి భయం లేదు. కాని విమానంలో దానితో ఫోనుకు ఛార్జి ఎక్కించే అలవాటు మానుకోవడం మంచిది. ఎమిరేట్స్‌వారు 2025 అక్టోబరు 1 నుండి తమ విమానాలలో పవర్ బ్యాంకు వాడకాన్నే నిషేధించినారు. ఇంట్లోనే నిండా ఛార్జి చేసుకొని బయలుదేరండి.

రెండవది, ఫోను సీటు సందులో జారిపోతే సీటును ముందుకూ వెనుకకూ కదపవద్దు. ఫోను నలిగి మంట రావచ్చు. సిబ్బందిని పిలవండి, వారే తీసిస్తారు.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. 2016 ఆగస్టు 3న తిరువనంతపురంనుండి పోయిన ఎమిరేట్స్ విమానం దుబాయిలో దిగుతూ ప్రమాదానికి లోనై మంటలు పట్టినది. లోపల 300 మంది. పొగ నిండుతూ ఉంటే కొందరు పైన అరలు తెరచి సంచులు తీసుకొంటున్న దృశ్యం, ఒకరు ఫోనులో తీసినది, ప్రపంచమంతా చూచినది. దైవానుగ్రహంవల్ల 300 మందీ బయటపడినారు. కాని మంటలార్ప వచ్చిన ఒక అగ్నిమాపక ఉద్యోగి ప్రాణం పోయినది. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం ఇంకొక విమానాన్ని ఢీకొని తగులబడినది. ఆ రెండవ విమానంలో ఐదుగురు పోయినారు. పెద్ద విమానంలోని 379 మంది సామాను విడిచి, సిబ్బంది మాట విని, అందరూ దిగినారు. ఆ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టుకొని చూడండి. "దిగండి" అన్నప్పుడు ఫోనుతో ఫోటో తీయడం, సంచి కోసం వెనుదిరగడం వెనుకనున్న పసిబిడ్డ తల్లి దారికి అడ్డు నిలవడమే.

నవ్వుకోవడానికి ఒక సంగతి చెప్పి ముందుకు పోతాను. 2024 జనవరి 5న అమెరికాలో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానానికి పక్క పలక ఊడిపోగా, ఒక ప్రయాణీకుని ఫోను 16,000 అడుగుల ఎత్తునుండి కింద పడినది. రోడ్డుపక్కన దొరికినప్పుడు పగలలేదు, ఛార్జి సగం ఉన్నది, ఇంకా ఫ్లైటు మోడ్‌లోనే ఉన్నది. నియమం పాటించేవారిని ఆ భగవంతుడే కాపాడుతాడనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి!

ఇక మన ఇండ్ల సంగతి. మొదటిసారి ఒంటరిగా అమెరికాకో, ఆస్ట్రేలియాకో బయలుదేరే తల్లిదండ్రులున్నారు. ఇంగ్లీషు అంతగా రాదు. ధైర్యమంతా ఆ ఫోనులోనే ఉన్నది. అది మూగపోయిన 15 గంటలు వారికీ గండమే, ఇక్కడ అక్కడ ఉన్న పిల్లలకూ గండమే. "అమ్మ ఫోను స్విచ్ ఆఫ్ వస్తున్నది" అని పదిసార్లు చేసి, బంధువులందరినీ నిద్ర లేపేవారిని చూచినాను. దీనికి విరుగుడు ముందుచూపే. మధ్యలో దిగే ఊరు, విమానం నెంబరు, అక్కడ చేరే వేళ, ఇవన్నీ ఇంట్లో గోడమీద వ్రాసి పెట్టండి. ముఖ్యమైన నాలుగు ఫోను నెంబర్లు కాగితంమీద తెలుగు అక్షరాలతో పేర్లు వ్రాసి, పాసుపోర్టు తొడుగులో పెట్టండి. ఫోను ఆగిపోతే కాగితం ఆగదు. టిక్కెట్టు ఫోనులో ఉన్నా అచ్చువేసిన ప్రతి ఒకటి ఉంచండి. మధ్య ఊరిలో వై-ఫై కోసం ఒ.టి.పి. అడుగవచ్చు, మన సిమ్ముకు అక్కడ సందేశం రాకపోవచ్చు, కనుక బయలుదేరేముందే రోమింగు సంగతి చూచుకోండి. పిల్లలకు కూడ ఒక మాట. అమ్మ సెక్యూరిటీ వరుసలో నిలబడి బూట్లు విప్పుకొంటున్నప్పుడు వీడియో కాల్ చేయకండి. ఆమె చేయి వణికేది ఆ ఫోను మోతకే.

చివరగా, చెప్పడానికి మనసు ఒప్పకపోయినా చెప్పవలసిన సంగతి. ఈ వై-ఫై వచ్చినందువల్ల వలస కుటుంబాలకు ఒక కొత్త ధర్మసంకటం వచ్చినది. తండ్రికి జబ్బు ముదిరిందని తెలిసి కొడుకు దూరదేశంలో విమానం ఎక్కుతాడు. అతడు గాలిలో ఉండగా తండ్రి కన్నుమూస్తాడు. పూర్వం ఆ వార్త అతడు దిగేదాకా ఆగేది, ఎందుకంటే చెప్పే దారి లేదు. ఇప్పుడు దారి ఉన్నది. చెప్పడమా, మానడమా?

నా అభిప్రాయం ఇది. 36,000 అడుగుల ఎత్తున, ముక్కుమొగం తెలియని ఇద్దరి నడుమ కూర్చున్నవానికి ఆ వార్త పంపితే అతడు చేయగలిగినది ఏమీ లేదు. గట్టిగా ఏడ్వడానికి కూడ చోటు లేదు. ఆ బాధ తగ్గించే చేయి అక్కడ లేదు. అతడు ఇంటికే వస్తున్నాడు. కాబట్టి ఆగండి. దగ్గరివాడొకడు, అన్నో, మేనమామో, విమానాశ్రయానికి పోయి, చేయి పట్టుకొని నోటితో చెప్పాలి. సంఘంలోని ఫోను గుంపులలోను, బంధువుల గుంపులలోను సంతాప సందేశాలు పెట్టేవారు అంతవరకు ఓపిక పట్టాలి. కొడుకు తండ్రి మరణవార్తను ఎవరో పంపిన పూలదండ బొమ్మలో చూచి తెలుసుకోవడంకంటె కఠినమైనది లేదు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ముగిసినది. ఆ టెలిగ్రాం ఎంత భయపెట్టినా, దాన్ని తెచ్చి ఇచ్చే మనిషి ఒకడు గుమ్మంలో నిలబడేవాడు. ఆ మనిషిని మనం మళ్ళీ నిలబెట్టాలి.

ఐతే కొన్ని వార్తలు ఆగరానివి. ఆపరేషనుకు సమ్మతి కావాలి, కొడుకు మాట లేనిదే డాక్టరు ముందుకు పోడు. అట్టిదానికోసం విమానం ఎక్కేముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూర్చుని మాట్లాడుకోవాలి. "నేను గాలిలో ఉన్న ఈ 15 గంటలు నా బదులు నీవు నిర్ణయం చేయి. ఏది చేసినా నేను తరువాత ఎత్తిపొడవను." ఈ ఒక్క మాట చెప్పి ఎక్కితే ఫ్లైటు మోడ్ భయం సగం తీరుతుంది. ఇది కొత్త మర్యాద కాదు. మన ఇండ్లలో గడప దాటేవాడు "పోతాను" అనడు, "వెళ్ళివస్తాను" అంటాడు. ఎక్కడికో, ఎప్పుడు వచ్చేదో చెప్పి వెళ్తాడు. చెప్పి వెళ్ళినవాని మౌనం ఇంటివారిని భయపెట్టదు.

సంఘానికి ఒక సూచన చేసి ముగిస్తాను. వేసవిలో మన పెద్దలు ఎందరో పిల్లల దగ్గరకు బయలుదేరుతారు. అంతకుముందు ఒక ఆదివారం సాయంత్రం మన యువకులు ఇదే హాలులో కూర్చుని, పెద్దల చేత వారి వారి ఫోన్లలోనే ఫ్లైటు మోడ్ పెట్టించి, తీయించి, వై-ఫై కలిపించి, కాగితంమీద నెంబర్లు వ్రాసి ఇవ్వాలి. చూపించడం కాదు, చేయించాలి. కాఫీ, చేగోడీలు మా ఇంటినుండి వస్తవి. కార్యదర్శిగారు తేదీ నిర్ణయించి ఈ సభలోనే ప్రకటించాలని కోరుచున్నాను.